పెంకు కారితే పీకేస్తాం, స్లాబు పెచ్చులూడితే పూసేస్తాం

వేసవి ముదిరి తొలకరి దగ్గరపడే రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఇంటి కప్పుల మీద పంచాయితీ మొదలవుతుంది. పెంకుటిల్లు రెండు చోట్ల కారితే చాలు, ఇంకెన్నాళ్లీ పాతకొంప, పీకేసి స్లాబు వేసేద్దామంటారు. అదే స్లాబు ఇంట్లో వంటగది కప్పు పెచ్చులూడి ఊచలు బయటపడితే తాపీమేస్త్రిని పిలిచి, ఆ మేర సిమెంటు పూయించి, పైన వెల్ల వేయించి మర్చిపోతారు. ఈ రెండు తీర్పులూ తలకిందులుగా ఉన్నాయన్నది నా వాదన. కప్పు మార్చాలా వద్దా అన్నది నీళ్లు కారడాన్నిబట్టి తేల్చే సంగతి కాదు. తన బరువునూ, తన మీద పడే గాలివాననూ మోసే సత్తా దానికి ఇంకా ఉందా అని చూసి తేల్చాలి. ఆ లెక్కన డెల్టాలో పీకేస్తున్న పెంకుటిళ్లలో చాలావాటికి ఇంకా ఆయుష్షు ఉంది. వెల్ల వేసి నిలబెట్టుకుంటున్న స్లాబుల్లో కొన్నిటికి అది ఎప్పుడో తీరిపోయింది.

ముందు పెంకు సంగతి. మనం బెంగుళూరు పెంకనీ మంగుళూరు పెంకనీ పిలిచే ఈ గాడి పెంకు పుట్టింది ఫ్రాన్సులో. ఆల్సేస్ ప్రాంతానికి చెందిన జిలార్డోనీ సోదరులు 1841లో దానికి పేటెంటు తీసుకున్నారు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టాక అది దక్షిణ దేశమంతా పాకింది. ఒండ్రుమట్టికి కొదవలేని రాజమండ్రి చుట్టుపక్కల కూడా బట్టీలు లేచాయి. కోనసీమ మండువా లోగిళ్ల నుంచి మెట్ట గ్రామాల్లో రెండు గదుల ఇళ్ల దాకా ఈ కప్పు నిలిచిందంటే దాని కిటుకు ఒక్కటే: అందులో ఏ ముక్కకా ముక్క విడిగా ఉంటుంది. పెంకు పగిలితే పెంకు, రీపరు పుచ్చితే రీపరు, వాసం చెడితే వాసం మార్చుకోవచ్చు. నీళ్లు కారాయంటే నూటికి తొంభై పాళ్లు పగిలిన పెంకో, జరిగిన పెంకో, రెండు వాలులు కలిసే మూలలో చెత్త చేరి పొంగిన నీరో కారణమై ఉంటుంది. ఏడాదికోసారి, వానలకు ముందు, పెంకు సర్దిస్తే తీరిపోయే జబ్బది. తాటాకింటిని రెండు మూడేళ్లకోసారి నేయించుకోవడం మన పెద్దలకు ఖర్చేగానీ, ఇల్లు చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు. పెంకుటింటినీ అదే కంటితో చూడాలి.

పెంకుటింటి కప్పు నిజంగా మార్చాల్సి వచ్చేది కలప చెడినప్పుడు. దాన్ని కనిపెట్టడానికి వాన అక్కర్లేదు, ఎండలో వీధిలో నిలబడి చూస్తే చాలు. నడికొప్పు గీత గీసినట్టు ఉందా, మధ్యలో కుంగిందా? వాలు మీద పెంకుల వరసలు తిన్నగా ఉన్నాయా, ఎక్కడైనా గుంటపడ్డాయా? తర్వాత లోపలికి వచ్చి దూలం గోడలోకి దిగే చోట, వాసం చూరు దగ్గర ఆనే చోట ఒక స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. చెమ్మ చేరేది అక్కడే, చెదపురుగు మొదలయ్యేదీ అక్కడే. ముదిరిన తాడిచెట్టు చేవనుంచి తీసిన వాసమైనా, టేకు దూలమైనా మొన దిగకుండా ఎదురుతిరిగిందంటే దానికి ఢోకా లేదు. మొన మెత్తగా దిగిపోతే ఆ కర్ర మార్చాలి, అలాంటివి సగానికి పైగా ఉంటే కప్పంతా దించాలి. పెంకును కూడా వేలితో తట్టి చూడొచ్చు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటూ అంచులు పొడి రాలుతుంటే ఉప్పు తిన్నట్టు. ఇంతకు మించి విద్య ఏమీ అవసరం లేదు. తప్పు ఎక్కడుందో కంటికి కనిపించడం, కుంగేముందు ఏళ్ల తరబడి చెబుతూ ఉండటం ఈ కప్పులో ఉన్న పెద్ద సుగుణం.

స్లాబు అలా చెప్పదు. కాంక్రీటు నొక్కుడుకు ఎంత గట్టిదో లాగుడుకు అంత పిరికిది. అందుకే కప్పు వంగినప్పుడు సాగే అడుగుభాగంలో ఇనుప ఊచలు పెడతారు. బరువు మోసే పనిలో సగం ఆ ఊచలదే. తాజా కాంక్రీటులో ఉండే క్షారగుణం ఊచ చుట్టూ కంటికి కనిపించని పొర ఒకటి కట్టి దాన్ని తుప్పు పట్టకుండా కాస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ క్షారాన్ని చంపేస్తుంది. ఉప్పు అంతవరకూ ఆగదు, క్షారం ఉండగానే ఆ పొరను చీల్చేస్తుంది. ఒకసారి తుప్పు మొదలైతే అది తిన్న ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి ఊచ కిందున్న కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడిపడుతుంది. అంటే పెచ్చూడటం పైపూత జారడం కాదు. లోపల ఇనుము సన్నబడుతోందన్న కబురు మనదాకా చేరేసరికి అప్పటికే చాలా ఆలస్యమై ఉంటుంది.

ఈ జబ్బు హైదరాబాదులో ఒకలా, అంతర్వేదిలో ఒకలా నడుస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ కాంక్రీటు పనికి పెట్టిన ఐఎస్ 456 నియమావళి, 2000లో సవరించిన ప్రకారం, లోపల్లోపల ఉండే మామూలు ఇంటి కప్పుకు ఊచ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ముసుగు చాలంటుంది. సముద్రతీర వాతావరణానికి బయటపడి ఉండే కాంక్రీటుకు మాత్రం 45 మిల్లీమీటర్లు ఉండాలని, కాంక్రీటు ఎం 30 కంటే తక్కువ రకం కాకూడదని చెబుతుంది. మన ఊళ్లలో సెంట్రింగు మీద ఊచల కింద చిన్న కంకరరాయి ముక్క దోపి స్లాబు పోస్తే ఆ ముసుగు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా పోసేవాళ్ల కాళ్ల కింద ఆ రాళ్లు జారిపోతాయి, ఊచ చెక్కకు ఆనుకుంటుంది. ఇక నీళ్లు. ఊచలున్న కాంక్రీటు కలపడానికి వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని అదే నియమావళి. భీమవరం, నరసాపురం, రాజోలు వైపు ఎన్నో ఊళ్లలో బోరు నీళ్లు తాగలేకే కాలువ నీటిని చెరువుల్లో నింపుకొని తాగుతున్నారు. నోట పెట్టుకోలేని ఆ నీళ్లతోనే స్లాబు కలిపి, ఆ నీళ్లతోనే తడిపి, పెట్టిన రోజే ఊచల పక్కన ఉప్పును కూర్చోబెడుతున్నాం. ఇసుక మాటా అంతే. ధవళేశ్వరం ఎగువ ర్యాంపుల్లో తీసిన ఇసుక వేరు, సముద్రపు పోటు తగిలే పాయల్లో తీసింది వేరు. రొయ్యల చెరువులు విస్తరించిన చోట నేలలో ఉప్పు పెరగడం దీనికి తోడు.

మన స్లాబుల పుట్టుపూర్వోత్తరాలు కూడా గుర్తు చేసుకోవాలి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తా అంతటా ఆకు ఇంటి మీద నమ్మకం పోయింది. 1983లో రామారావు ప్రభుత్వం వచ్చాక పేదలకు పక్కా ఇళ్ల పథకం ఊపందుకుంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, లక్షలాది ఇళ్లను, కొబ్బరితోటలను నేలమట్టం చేశాక ఇక తిరుగులేదు, స్లాబు అంటే ప్రాణరక్ష అన్న మాట స్థిరపడిపోయింది. గల్ఫ్‌లో ఇళ్లల్లో పనిచేసి ఆడవాళ్లు పంపిన డబ్బు, రొయ్యల సాగులో వచ్చిన డబ్బు మొదట పోసింది స్లాబే. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ కప్పులకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. ఉప్పుగాలిలో పలచటి ముసుగుతో పోసిన కాంక్రీటుకు అది ముసలితనమే. తీరం వెంబడి ప్రాణరక్షణ కోసమే కట్టిన తుపాను షెల్టర్లు కూడా ఎన్నో ఇలాగే పెచ్చులూడి శిథిలమయ్యాయి. 2011లో ప్రపంచబ్యాంకు సాయంతో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు కింద మన తీరంలో మళ్లీ కొత్త షెల్టర్లు కట్టుకోవాల్సి వచ్చింది. ఇంజినీర్ల పర్యవేక్షణలో కట్టిన సర్కారు కట్టడాల గతే అదైతే, మేస్త్రి చేతి లెక్కతో పోసిన ఇంటి స్లాబు గురించి వేరే చెప్పాలా?

మరి స్లాబు పని అయిపోయిందని తెలుసుకోవడం ఎలా? కారుతున్న తడిమరక ఒక్కటే ఉంటే భయపడక్కర్లేదు. తూరలు మూసుకుపోయి పైన నీళ్లు నిలిచినా అలా జరుగుతుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి. కప్పు అడుగున ఇంత ఎడమని కొలిచి గీసినట్టు వరసగా సాగే పగుళ్లు ఊచల దారినే వస్తాయి. వాటి వెంట ఇటుకరంగు మరకలుంటే తుప్పు నడుస్తోందని అర్థం. చిన్న సుత్తితో కప్పంతా తట్టుకుంటూ పోతే గట్టి చోట టంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల ఒక మూలకే పరిమితమా, గది సగం మేరా అన్నది సున్నపుముక్కతో గీసి చూసుకోవచ్చు. ఊచ బయటపడితే తుప్పు గీకి వెర్నియర్‌తో మందం కొలవాలి. ఈ కొలత అందరూ వదిలేస్తారుగానీ అసలు లెక్క ఇక్కడుంది. 8 మిల్లీమీటర్ల ఊచను చుట్టూ అరమిల్లీమీటరు తుప్పు తింటే మిగిలేది 7. కంటికి పెద్ద తేడా కనిపించదు, కానీ ఊచ అడ్డకోతలో దాదాపు నాలుగోవంతు పోయినట్టు. 6 మిల్లీమీటర్లు మిగిలితే పోయింది దగ్గర దగ్గర సగం. గదిలో ఎక్కువ ఊచలు నాలుగోవంతు దాటి కరిగిపోతే, లేదా కప్పు మధ్యలో కుంగి తలుపు పై కమ్మీ పట్టేస్తుంటే, ఇక పూతల కాలం దాటిందనే నా అభిప్రాయం.

పూత ఎందుకు పనిచేయదో కూడా చెప్పుకోవాలి. పెచ్చు ఊడినంత మేర కొత్త సిమెంటు నింపితే ఆ ముక్క కింద ఊచ కొన్నాళ్లు క్షేమంగా ఉంటుంది. దాని అంచు దాటగానే ఉప్పు నిండిన పాత కాంక్రీటే ఉంది. కొత్త ముక్కకూ పాతదానికీ మధ్య ఏర్పడే విద్యుద్రసాయన తేడా వల్ల తుప్పు ఆ అంచు చుట్టూ మరింత జోరుగా మొదలవుతుంది. రెండేళ్లలో పూత పక్కనే మళ్లీ పెచ్చు లేవడం మేస్త్రి చేతగానితనం కాదు, రసాయనం. ఇక పైనుంచి చేసే చికిత్స ఇంతకంటే ప్రమాదం. కారుతోందని ఒకసారి చపటా, ఇంకోసారి దాని మీద సిమెంటు మాలు, మరోసారి పలకలు పరుస్తూ పోతారు. అంగుళం మందం మాలు చదరపు మీటరుకు యాభై కిలోలకు పైగా తూగుతుంది. వంద గజాల స్లాబు మీద అది నాలుగు టన్నులు దాటుతుంది. మనుషులు ఎక్కి తిరిగే ఇంటి డాబాకు నియమావళి లెక్కవేసే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. మూడు అంగుళాల పూతలు పడేసరికి ఆ జాగా అంతా అయిపోయింది, ఇంకా వెయ్యి లీటర్ల ట్యాంకు ఎక్కలేదు, పెళ్లి భోజనాల బంతి వేయలేదు. కింద ఇనుము సన్నబడుతుంటే పైన బరువు పెంచుకుంటూ పోవడాన్ని మరమ్మతు అనడం ఎలా?

సన్‌షేడ్లు, బాల్కనీల సంగతి ప్రత్యేకం. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కట్టడంలో లాగుడు పడేది పైభాగంలో. కాబట్టి ప్రాణాధారమైన ఊచలు పైనే ఉంటాయి, వాననీళ్లు నిలిచేదీ పైనే. కిందనుంచి చూసి బాగానే ఉందనుకునే సన్‌షేడు ఏ హెచ్చరికా లేకుండా గోడ మొదట్లో విరిగి పడేది అందుకే. గోడకు కలిసే చోట పైన అడ్డంగా పగులు కనిపిస్తే దాని కింద నిలబడటం, దాని మీద మొక్కల కుండీలు పెట్టడం ఆ రోజే మానేయాలి. ఇంట్లో మొదట తీసేయాల్సింది ఇదే, అదృష్టవశాత్తూ తక్కువ ఖర్చుతో పోయేదీ ఇదే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం డబ్బు. స్లాబు కొట్టి మళ్లీ పోయడమంటే సగం ఇల్లు కట్టినంత. పూత అయితే కొన్ని వేలతో పోతుంది, మధ్యతరగతి ఇంకేం చేస్తుందని. న్యాయమైన మాటే. పూత కొంత వ్యవధి ఇస్తుందని నేనూ ఒప్పుకుంటాను, ఊచ నాలుగోవంతులోపే పోయిన చోట తుప్పు గీకి, పక్కన కొత్త ఊచ కట్టి, పద్ధతిగా నింపితే అది మంచి మరమ్మతే. కాకపోతే ఆ వ్యవధిని వ్యవధిగా లెక్కపెట్టుకోవాలి. ఏటా వేలు పోసి, పదేళ్లకు లక్ష దాటించి, చివరికి స్లాబు కొట్టేవాడికి మళ్లీ కూలి ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. వాటర్‌ఫ్రూఫింగు మందులవాళ్లు తాము అమ్మేదాన్నే వైద్యమంటారు, కాంట్రాక్టరు కూల్చమంటాడు. అందుకే తీర్పు చెప్పేవాడికీ పని చేసేవాడికీ సంబంధం ఉండకూడదు. కాకినాడ జేఎన్టీయూలోనో, భీమవరం, రాజమండ్రి ఇంజినీరింగు కళాశాలల సివిల్ విభాగంలోనో పనిచేసే ఒకరి చేత చూపించుకుంటే అయ్యే ఫీజు ఒక పెచ్చు పూత ఖర్చును మించదు.

రెండో అభ్యంతరం తుపాను. పెంకు ఎగిరిపోతుంది, స్లాబు నిలుస్తుంది, 1996 చూశాం కదా అంటారు. గట్టి స్లాబు నిలుస్తుందన్నదాంట్లో వాదనే లేదు. కోస్తా తీరానికి గాలి లెక్కలు వేసే నియమావళిలో ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది, ఇది గతకాలపు భయం కాదు. అయితే గాలి కప్పును నొక్కి పడగొట్టదు, పైకి పీల్చి లేపుతుంది. ఆ పీల్చుడు వాలు తక్కువున్న రేకుల కప్పు మీద ఎక్కువ, ముప్పై డిగ్రీల వాలున్న పెంకు కప్పు మీద తక్కువ. నాలుగు పక్కలకూ వాలిన కప్పు రెండు పక్కల వాలినదానికంటే బాగా తట్టుకుంటుంది. మన పాత కోనసీమ ఇళ్లు చాలావరకు నాలుగు వాలులవే. వాసాల్ని గోడమీది దూలానికి, ఆ దూలాన్ని గోడకు ఇనుప పట్టీలతో బిగించి, చూరు వరసనూ నడికొప్పునూ తీగతో కట్టి మాలు పెడితే పెంకు కప్పు బలం చాలా పెరుగుతుంది. సముద్రానికి ఆనుకున్న ఊళ్లలో ఇంట్లో ఒక్క గదికైనా గట్టి స్లాబు ఉండాలన్నది మంచి జాగ్రత్తే. పెచ్చులూడిన స్లాబు కింద తుపాను రాత్రి ఇరవైమంది చేరడం మాత్రం ఏ రకంగానూ జాగ్రత్త కాదు. ఇక కోతులంటారా, అది నిజమైన బాధే. పెంకులు లేపే కోతుల వల్లే చాలా ఇళ్ల కప్పు మారిందని నేనూ నమ్ముతాను; పెంకు సర్దే పనివాళ్లు దొరకడం కూడా కష్టమైపోయింది. వాటికి జవాబు నా దగ్గర సగమే ఉంది: పెంకు మీద ఇనుప వల పరిచి కట్టడం. మిగతా సగం పంచాయతీలే చూడాలి.

సిమెంటు రేకుల గురించి ఒక్కమాట. అందులో ఉన్నది ఆస్‌బెస్టాస్. దాని నార ఊపిరితిత్తులకు చేటని, అన్ని రకాలూ క్యాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది, అరవైకి పైగా దేశాలు నిషేధించాయి. రేకు పగిలి అంచులు దూది రేగినట్టుగా అయిందంటే కారకపోయినా మార్చాలి. తీసేటప్పుడు తడిపి, విరవకుండా దించాలి, ముక్కల్ని చీపురుతో ఊడ్చకూడదు.

ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది, దానికి కొత్త పథకం అక్కర్లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఒక ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నాడు. సఖినేటిపల్లి, కాట్రేనికోన, మొగల్తూరు వంటి తీర మండలాల్లో పాతికేళ్లు దాటిన స్లాబు ఇళ్లకు, ముందుగా బడులకూ అంగన్‌వాడీలకూ, ఏప్రిల్లో ఒకసారి సుత్తితో తట్టి చూడటం, ఊచ కొలవడం, కాంక్రీటు చీల్చిన చోట ఫినాఫ్తలీన్ చల్లి గులాబీరంగు వస్తోందో లేదో చూడటం అతనికి రెండు రోజుల శిక్షణతో వస్తాయి. రంగు రాని చోట క్షారం చచ్చిపోయినట్టు. రంగు వచ్చినా ఉప్పు ఉండొచ్చు కాబట్టి అదొక్కటే చాలదని కూడా నేర్పాలి. పట్టణాల్లో మున్సిపాలిటీలు వానాకాలం ముందు శిథిల భవనాలకు నోటీసులు అంటిస్తాయి, అదీ కూలడానికి సిద్ధమయ్యాక. అద్దెకున్నవాడికి కప్పు మార్చే హక్కు లేదు, సొంతదారు ఎక్కడో హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటాడు. మధ్యలో ఎవరో ఒకరు కాగితం మీద రాసి చెప్పకపోతే ఆ పెచ్చుల కింద పడుకునేది అద్దెవాడి పిల్లలే.

స్లాబే మళ్లీ పోయాలని తేలినవాళ్లకు నెల ఎంచుకోవడం ముఖ్యం. మనవాళ్లు స్లాబులు వేసేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. వాన భయం ఉండదు, కూలీలు దొరుకుతారు. డెల్టా కాలువలు మరమ్మతులకు కట్టేసేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. చెరువులో నీళ్లు తాగడానికే చాలవు, దాంతో ట్యాంకరు మానేసి ఉప్పు బోరు తిప్పుతారు. సంక్రాంతి వెళ్లాక, దాళ్వాకు కాలువలు నిండుగా పారే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోస్తే కలపడానికీ, ఆ తర్వాత రెండు వారాలు తడపడానికీ మంచినీళ్లు ఇంటి ముందే ఉంటాయి. ఊచల కింద రాళ్లు కాకుండా సిమెంటుతో పోసిన బిళ్లలు, 45 మిల్లీమీటర్ల మందంవి, ముందే తయారుచేసి పెట్టుకోవాలి. స్లాబు పోసే రోజున మేస్త్రి వాటిని వేస్తున్నాడో లేదో మెట్ల మీద నిలబడి ఎవరైనా చూస్తూ ఉండాలి.